తడ రేవు నుండి ఇరకం దీవికి

తడ పేరు వినగానే మనలో చాలామందికి లారీలు బారులు తీరిన సరిహద్దు చెక్‌పోస్టే గుర్తుకు వస్తుంది. చెన్నై నుండి రైలులో వచ్చేవారికి ఆరంబాకం దాటాక, ఆంధ్రలో మొదట తగిలే స్టేషను అది. నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో చేరింది. వైద్యానికో, పనులకో చెన్నై వెళ్ళే మన గ్రామాలవారు ఎన్నోసార్లు తడ మీదుగా పోయి ఉంటారు. ఆ రోడ్డుకు తూర్పున, అంత దగ్గరలో, పెద్ద సరస్సు ఉన్నదనీ, దాని నడుమ దీవులలో మనవంటి కుటుంబాలే కాపురముంటున్నాయనీ తెలిసినవారు మాత్రం తక్కువే.

అది పులికాట్ సరస్సు. తెలుగువారు దీనిని ప్రళయకావేరి అని కూడ పిలుస్తారు. ఉప్పునీరు, మంచినీరు కలిసిన సరస్సులలో ఒడిశాలోని చిలకా తరువాత మన దేశంలో ఇదే పెద్దది. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉన్నది, దక్షిణపు కొస తమిళనాడులోనికి పోతుంది. ఆదివారపు బడిలో గలిలయ సముద్రమును గూర్చి విన్న పిల్లలు అది ఎంత పెద్దదో అనుకుంటారు గాని, దాని పొడవు 21 కిలోమీటర్లే. అయితే గలిలయ లోతైన మంచినీటి సరస్సు. మన పులికాట్ సగటు లోతు ఒక మీటరు మాత్రమే. చాలాచోట్ల మనిషి దిగి నడవవచ్చును.

తడకు దగ్గరలోని భీములవారిపాలెం రేవులో పడవ ఎక్కాలి. డిసెంబరు నెలలో మేము నలుగురము వెళ్ళాము. మాతో పాటు పడవలో బియ్యం మూటలు, గ్యాసు సిలిండరు, పరీక్ష రాసి ఇంటికి పోతున్న ఇద్దరు ఆడపిల్లలు, మందుల సంచి పట్టుకొన్న ఒక ముసలమ్మ ఉన్నారు. మనకు బస్సు ఎటువంటిదో వారికి పడవ అటువంటిది. పడవ నడిపే పెద్దాయన, "అయ్యగారూ, ఇప్పుడు నీళ్ళున్నాయి కాబట్టి సుఖంగా కూర్చున్నారు. ఎండాకాలం వచ్చి చూడండి, దిగి తోయాల్సి వస్తుంది" అన్నాడు. ఆ మాటలో ఎంత దుఃఖమున్నదో దీవి చూశాక గాని నాకు అర్థం కాలేదు.

ఇరకంలో కొండలు, జలపాతాలు లేవు. ఇసుక నేల, తాటిచెట్లు, ఆరవేసిన వలలు, ఎండబెట్టిన చేపల వాసన. ఈ ప్రాంతంలో నీటి నడుమ ఇసుకమెరకను తిప్ప అంటారు, శ్రీహరికోట దారిలోని అటకానితిప్ప పేరు అలాగే వచ్చింది. చేపలు, రొయ్యలు, పీతలే ఇక్కడి బ్రతుకుతెరువు. ఈ సరస్సులో మడవ చేప పేరుపొందినది.

సరస్సు దక్షిణాన పళవేర్కాడు జాలరుల మధ్య ఒక పాత కట్టుబాటు ఉన్నది. దాని పేరు పాడు. మన భాషలో ఆ మాటకు చెడిపోవుట అని అర్థం గాని, వారికి అది ఊరిని చెడిపోకుండా కాపాడే ఏర్పాటు. ముఖద్వారం దగ్గర కర్రలు పాతి వలకట్టే చోట్లలో రొయ్యలు బాగా పడతాయి. ఆ చోట్లను బలవంతుడు ఆక్రమించుకొనకుండ హక్కుదారులందరికీ వంతులు వేస్తారు. ఈ రోజు నీది, రేపు నాది. కాలువ నీటి కోసం గట్టు మీద తగవులాడుకొనే మన రైతులకు ఈ సంగతి చెప్పాలనిపించింది.

ఇక పక్షులు. సుళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకొని పోతుంది. అక్టోబరు మొదలు మార్చి వరకు ఆ రోడ్డుకు ఇరువైపులా రాజహంసలు గుంపులుగా నిలిచి ఉంటాయి. వంకర ముక్కును తలక్రిందులుగా నీటిలో ముంచి, సన్నని పురుగులను, నాచును వడకట్టి తింటాయి. వాటి గులాబి రంగు ఆ తిండి వలన వచ్చినదే. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో నీటిలోనే పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెడతాయి. 1976లో నేలపట్టును, పులికాట్‌ను పక్షుల రక్షణ కేంద్రాలుగా ప్రకటించారు. పక్షుల రెట్టతో బలపడిన ఆ చెరువు నీరు పొలాలకు ఎరువు నీరే గనుక నేలపట్టు రైతులు పక్షులను తమవిగానే చూసుకుంటారు. గూళ్ళు నేలపట్టులో ఉన్నా, పిల్లలకు మేత కోసం గూడబాతులు ఎగిరిపోయేది పులికాట్‌కే. జాలరి, గూడబాతు ఒకే నీటి మీద బ్రతుకుతున్నారన్నమాట.

ఆ నీటికే ఇప్పుడు కష్టం వచ్చింది. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు ఆటుపోట్లతో సరస్సులోనికి వచ్చి, ఇక్కడ పెరిగి, తిరిగి సముద్రానికి పోతాయి. దారి తెరచి ఉంటేనే ఇది జరుగుతుంది. పళవేర్కాడు కాక ఆంధ్రవైపు రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర ముఖద్వారాలు ఉండేవి. అవి ఇసుకతో పూడిపోయాయి. శ్రీహరికోట రోడ్డు కట్ట కూడ నీటి కదలికకు అడ్డమైనదని నిపుణులు చెబుతారు. వేసవిలో ఉత్తర భాగం ఎండి, బీటలు వారిన మైదానమవుతుంది. వల పట్టిన చేతులు కూలిపనికి పట్టణాలకు పోతున్నాయి. పూడిక తీయిస్తామని వాగ్దానాలు చాలా వచ్చాయి. ఒకసారి తీస్తే చాలదు, సముద్రం మళ్ళీ ఇసుక తెచ్చి పోస్తుంది గనుక ఏటేటా చూసుకోవలసిన పని ఇది.

సరస్సుకూ సముద్రానికీ అడ్డుగా ఉన్న శ్రీహరికోట నుండి మొదటి చిన్న రాకెట్‌ను 1971 అక్టోబరు 9న ఎగురవేశారు. 2023 జులై 14న చంద్రయాన్-3 బయలుదేరినది కూడ అక్కడ నుండే. అంతకుముందు ఆ దీవి అడవిలో యానాదులు ఉండేవారు. కేంద్రం కట్టినప్పుడు చాలా కుటుంబాలు ఊరు విడిచి రావలసి వచ్చింది. రాకెట్ చూసి మనం చప్పట్లు కొట్టేటప్పుడు ఈ సంగతి కూడ పిల్లలకు చెప్పడం మంచిది. ప్రయోగాలు చూడగోరు సామాన్య జనులకు 2019 నుండి అక్కడ గ్యాలరీ ఉన్నది, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి.

వెళ్ళదలచినవారు డిసెంబరు, జనవరి నెలలలో వెళ్ళండి. పక్షుల దగ్గర కేకలు వేయకండి, రాళ్ళు విసరకండి. బైనాక్యులర్ ఒకటి దొరికితే పిల్లలందరూ వంతులవారీగా చూడవచ్చు. త్రాగునీరు వెంట తీసుకొని పోవాలి. ఇరకంలో దిగిన వెంటనే తిరుగు పడవ ఎన్ని గంటలకో అడిగి ఉంచుకోండి, చీకటి పడితే నీళ్ళ మీద దారి తెలిసేది ఆ ఊరివారికే.