పెదనాన్నకు చేసిన ముక్కు ఆపరేషన్, నాకు చేసిన ఆపరేషన్ ఒకటి కాదు

ఈరోజు పంట గురించి కాదు, ముక్కు గురించి. మీలో రాత్రుళ్లు నోటితో ఊపిరి తీసుకునేవాళ్లుంటే పనికొస్తుందని రాస్తున్నా.

పదేళ్లప్పుడు కోడెదూడ తలతో ఒక్క గుద్దు గుద్దింది. అప్పటినుంచీ నాకు ఎడమ ముక్కులో గాలి సరిగా ఆడదు. ఆపరేషన్ చేయించుకోమని ఎందరు చెప్పినా పోలేదు. కారణం మా పెదనాన్న. ఆయనకు ఎప్పుడో పాతరోజుల్లో చేశారు. గాలి బాగానే ఆడింది గానీ, కొన్నాళ్లకు ముక్కు మధ్యలో చొట్ట పడింది. లోపల చిల్లు పడి, ఊపిరి తీస్తే సన్నగా ఈల వినపడేది. పిల్లలం నవ్వేవాళ్లం. ఆ నవ్విందే తర్వాత నాకు భయమై కూర్చుంది.

పోయినేడు కోతలయ్యాక, నిద్ర లేక తట్టుకోలేక ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పోయా. ముందు పెదనాన్న సంగతే చెప్పా. అది ఎస్ఎంఆర్ అయ్యుంటుందన్నారు. 1902లో ఫ్రీర్, 1904లో కిలియన్ అనే డాక్టర్లు రాసిన పద్ధతి. ముక్కు పైన, ముందు సుమారు సెంటీమీటరు పట్టీ ఉంచి, లోపలి మెత్తటి ఎముక చాలావరకు తీసేస్తారు. ఆ పట్టీ ఆనకపోతే ముక్కు కుంగుతుంది. రెండువైపులా పొర ఒకేచోట చిరిగితే చిల్లు.

సెప్టోప్లాస్టీ అలా కాదు. పందిరి రాట ఒరిగితే పీకి పారేయం కదా, మట్టి తీసి నిటారుగా నిలబెడతాం. ఇదీ అంతే. అడ్డమున్నంత వరకే తీసి, మిగతాది మధ్యకు తెచ్చి కుడతారు.

ఎండోస్కోపుతో చేసేది ఇంకోటి. లోపల ముల్లులా పొడుచుకొచ్చిన చోటే చూసుకుంటూ తీయొచ్చు. కొత్తది కదా, నాకదే చేయమన్నా. డాక్టరు ఒప్పుకోలేదు. "మీకు వంకర ముందు కొసన ఉంది, దానికి స్కోపు ఒక్కటే చాలదు" అన్నారు. చివరికి ముందుభాగానికి సెప్టోప్లాస్టీ, వెనక ముల్లుకి స్కోపు. కాబట్టి ఏ పద్ధతి మంచిదని కాకుండా, నాకు వంకర ఎక్కడుందని అడగండి.

చిల్లు, చొట్ట భయం దీంట్లోనూ బొత్తిగా లేదని కాదు, తక్కువ. నొప్పి కన్నా ముక్కులో పెట్టిన ప్యాకింగే విసిగించింది. కొందరికి అది లేకుండా కుట్లతోనే సరిపెడతారట. ఇక నూర్పిడి దుమ్ముకి నా తుమ్ములు అలాగే ఉన్నాయి. వంకర పోయింది గానీ అలర్జీ పోలేదు.

రాత్రి నోరు మూసుకుని పడుకుంటున్నా. మా పెద్దమ్మ మాత్రం కనిపించినప్పుడల్లా నా ముక్కు వేలితో తడిమి చూస్తది, చొట్ట పడిందేమోనని.