నీటిమట్టం క్రింది ఊరు

విశాఖపట్నం నుండి చెన్నైకి వెళ్ళే ఒక విహార నౌకలో మేము మూడు రాత్రులు ప్రయాణం చేశాము. పుదుచ్చేరిలో ఒక పగలు ఆగి, నాలుగవ నాటి ఉదయం చెన్నై రేవులో దింపే ప్రయాణమది. మేము ఓడ ఎక్కింది కేవలం విహారం కోసం కాదు. మా అన్నయ్యగారి అబ్బాయి హోటల్ మేనేజ్‌మెంట్ కోర్సు పూర్తి చేశాడు. ఇటువంటి నౌకలో ఉద్యోగం ఇప్పిస్తానని ఒక ఏజెంటు ముందుకు వచ్చి, అందుకు రెండు లక్షల రూపాయలు అడిగాడు. వదినగారు తన గాజులు తీసి ఇవ్వడానికి సిద్ధపడ్డారు. తొందరపడవద్దనీ, ముందుగా ఆ బ్రతుకు ఎలా ఉంటుందో చూసి వస్తామనీ నచ్చజెప్పి, అబ్బాయిని వెంటబెట్టుకుని బయలుదేరాము. గడప దాటుతుండగా వదినగారు అడిగింది ఒక్కటే: "జీతం సంగతి తర్వాత. అక్కడ వీడికి నిద్ర దొరుకుతుందో లేదో కనుక్కుని రండి."

ఓడ కదలక ముందే మమ్మల్నందరినీ ఒకచోట సమావేశపరిచారు. ఏడు పొట్టి కూతలు, ఆపై ఒక పొడవాటి కూత. అది ప్రమాద సంకేతమనీ, అది వినిపించగానే ఎవరెవరు ఏ పడవ వద్దకు చేరాలో తెలుసుకోవాలనీ చెప్పారు. 1912లో టైటానిక్ మునిగిన తరువాత 1914లో సముద్ర భద్రతపై తొలి అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా అనే విహార నౌక రాతిని ఢీకొని ఒరిగిపోగా 32 మంది మరణించారు. ఆనాడే ఎక్కిన ప్రయాణికులు ఎందరికో అప్పటికింకా ఈ శిక్షణ జరగలేదు. ఓడ కదలక ముందే, లేదా కదిలిన వెంటనే ఇది జరిగి తీరాలన్న నియమం ఆ తరువాత వచ్చింది. మాకు రక్షణ కవచం తొడుక్కోవడం చూపించిన యువకుడే రాత్రి భోజనశాలలో మాకు నీళ్ళు పోశాడు. అప్పుడు మాకు తెలిసింది, ఓడలో ప్రతి ఉద్యోగికీ రెండు కొలువులని. ఒకటి రోజూ చేసేది, రెండవది ఎన్నటికీ అవసరం రాకూడదని అందరూ కోరుకునేది.

సాయంకాలం ఓడ రేవు నుండి మెల్లగా జరిగింది. ఓడరేవును ఆనుకుని దర్గా ఒకటి, చర్చి ఒకటి, వేంకటేశ్వరస్వామి ఆలయం ఒకటిగా మూడు కొండలున్నాయి. అవి వెనుకబడగా, దీపస్తంభాన్ని మోస్తున్న డాల్ఫిన్స్ నోస్ కొండ కుడివైపున కనిపించింది. ఓడను రేవు దాటించే బాధ్యత స్థానిక జలమార్గం ఎరిగిన రేవు పైలట్‌ది. పని ముగిశాక ఆయన, నడుస్తున్న ఓడ ప్రక్కన వ్రేలాడే త్రాటి నిచ్చెన మీదుగా దిగి, చిన్న పడవలోకి అడుగుపెట్టాడు. పై అంతస్తులో సంగీతం మ్రోగుతుండగా ఆయన వైపు చూసినవారు బహు కొద్దిమంది.

మా నౌకలో ప్రయాణికులు సుమారు 1,500 మంది, సిబ్బంది 600 పైచిలుకు. 2024లో మయామీ నుండి తొలి యాత్ర చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే మహానౌకలో గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులకు 2,350 మంది సిబ్బంది ఉన్నారు. చిన్నదైనా పెద్దదైనా పని మూడు భాగాలుగా విడిపోతుంది. మొదటిది డెక్కు విభాగం. కెప్టెను, ఆయన క్రింద అధికారులు, త్రాళ్ళు, లంగరు, రక్షణ పడవలు, రంగులు చూసే నావికులు ఇందులోని వారు. నాలుగు గంటలు కాపలా, ఎనిమిది గంటల విరామం చొప్పున రేయింబవళ్ళు బ్రిడ్జిలో కన్ను మూయకుండా ఉండేది వీరే. రెండవది ఇంజన్ విభాగం. ఓడను నడపడంతోనే వీరి పని ముగియదు. కరెంటు పుట్టించేది, ఉప్పునీటిని మంచినీరుగా మార్చేది, మురుగును శుద్ధి చేసేది, శీతల గదులను కాపాడేది కూడా వీరే. ఊరిలో మునిసిపాలిటీ, విద్యుత్తు శాఖ కలిసి చేసే పని అది. మూడవది, అన్నిటికంటే పెద్దది, హోటల్ విభాగం. వంటవారు, రొట్టెలు చేసేవారు, గిన్నెలు కడిగేవారు, గదులు శుభ్రపరిచేవారు, బట్టలు ఉతికేవారు, సరుకుల గిడ్డంగి చూసేవారు, లెక్కలు వ్రాసేవారు అందరూ దీనిలోకే వస్తారు. వైద్యుడు, నర్సులు, భద్రతా సిబ్బంది వీరికి తోడు.

రెండవ రోజున ప్రయాణికులకు వంటశాలను, లాండ్రీని చూపించారు. వంటశాలలో అర్ధరాత్రి దాటాక రొట్టెల పిండి కలపడం మొదలవుతుందట. ఎంగిలి ఆహారం ఒక తొట్టిలోకి, ప్లాస్టిక్కు మరొక తొట్టిలోకి, గాజు ఇంకొక దానిలోకి వేరు చేసే పని ఒక్కటే చేసేవారున్నారు. ప్లాస్టిక్కును సముద్రంలో పడవేయడాన్ని అంతర్జాతీయ నియమాలు పూర్తిగా నిషేధించాయి. లాండ్రీ కిటికీలు లేని క్రింది అంతస్తులో ఉంది. అక్కడ పగలు, రాత్రి అన్న తేడా గోడ గడియారం ముల్లు చెప్పవలసిందే. పెద్ద నౌకలలో సిబ్బంది తిరిగే పొడవాటి నడవాకు ఒక అమెరికా రహదారి పేరు మీద ఐ-95 అని ముద్దుపేరు ఉన్నది. పైనున్న తివాచీల బాటల్లో తిరిగే మాకు ఆ రహదారి ఉన్నట్టే తెలియదు. అది అలా తెలియకుండా ఉండాలనే ఓడను కట్టారు.

మూడవ నాడు ఫజ్ర్ నమాజు ముగించుకుని పైకి వచ్చేసరికి, ఒక నడివయసు నావికుడు డెక్కు మీది ఉప్పును మంచినీటితో కడిగిస్తున్నాడు. తోటివారు ఆయనను "సరంగ్ సాబ్" అని పిలవడం విని మా అబ్బాయి ఆశ్చర్యపోయాడు. సరంగు అనేది పారసీ నుండి వచ్చిన మాట. విశాఖ రేవులో నేటికీ వినిపించే కళాసీ అన్న మాటా హిందుస్తానీ ఖలాసీయే. ఆంగ్లేయుల ఆవిరి నౌకలపై బొగ్గు వేసినవారిలోను, త్రాళ్ళు లాగినవారిలోను వేలాదిమంది ముస్లిములు. సిల్హెట్, పంజాబు, రత్నగిరి ప్రాంతాల నుండి వెళ్ళిన వారిని లస్కర్లు అనేవారు. లష్కర్ అన్న మాటే అలా మారింది. తెల్లవారి కంటే ఎంతో తక్కువ జీతానికి వారు పని చేశారు. కలకత్తా రేవులో పని దొరకాలంటే, మనుషులను కుదిర్చే ఘాట్ సరంగుకు ముందుగా సొమ్ము ముట్టజెప్పవలసి వచ్చేది. ఇంటి వద్ద అప్పు చేసి ఓడ ఎక్కినవారు ఆ అప్పు తీరే వరకు తమకోసం ఒక్క రూపాయి సంపాదించుకోలేకపోయేవారు. ఓడవారికి పని కుదర్చడాన్ని లాభసాటి వ్యాపారం చేయరాదని 1920లోనే అంతర్జాతీయ ఒప్పందం చేసుకున్నారు.

ఆ మాట మాకు ఏజెంటును గుర్తు చేసింది.

లాండ్రీలో సలాం చెప్పి పలకరించిన రాయలసీమ యువకుడు ఆనాటి సాయంకాలం పని ముగిశాక మాతో కాసేపు మాట్లాడాడు. మొదట తనను భోజనశాలకు తీసుకోజూశారట. అక్కడ అతిథులు ఇచ్చే బహుమతి సొమ్ముతో రాబడి ఎక్కువ. అయితే మద్యం అందించవలసి వస్తుందని అతడు లాండ్రీ అడిగి తీసుకున్నాడు. "తక్కువే వస్తుంది చాచా. కానీ ఇంటికి పంపేటప్పుడు చేయి వణకదు" అన్నాడు. గది ఇద్దరికి ఒకటి. ఖిబ్లా దిశను ఫోనులో చూసుకుంటాడు, ఓడ మలుపు తిరిగితే మళ్ళీ చూసుకుంటాడు. పండుగలు రెండు ఓడలోనే గడిచాయి. చెల్లెలి నికాహ్‌ను వీడియోలో చూశాడు. ఇది చెప్పినప్పుడు మాత్రం అతడు మా వైపు కాక సముద్రం వైపు చూశాడు.

మా అబ్బాయి ఏజెంటు అడిగిన సొమ్ము సంగతి చెప్పగానే అతడు గట్టిగా తల ఊపాడు. "ఒక్క పైసా ఇవ్వకు" అన్నాడు. అతడు చెప్పిన వివరాలను తరువాత మేము సరిచూసుకున్నాము. నావికుల హక్కుల కోసం 2006లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2013లో అమలులోకి వచ్చింది, 2015లో మన దేశం ఆమోదించింది. దాని ప్రకారం ఉద్యోగం కుదిర్చినందుకు నావికుని నుండి రుసుము తీసుకోరాదు. వైద్య ధ్రువపత్రం, పాస్‌పోర్టు, సీడీసీ అనే నావికుని పుస్తకం ఖర్చులు మాత్రమే అతనివి. వీసా ఖర్చు యజమానిదే. మన దేశంలో ఓడలకు మనుషులను పంపే సంస్థకు కేంద్ర నౌకాయాన డైరెక్టరేట్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ అనే లైసెన్సు ఉండాలి. దాని నంబరు అడగడం మన హక్కు. ఒప్పందం ముగిశాక ఇంటికి చేర్చే బాధ్యత కూడా యజమానిదే. సముద్ర భద్రతా శిక్షణ మాత్రం ఎవరికి వారు గుర్తింపు పొందిన సంస్థలో ముందే పొందాలి.

చెన్నైలో దిగి, రైలెక్కి ఇల్లు చేరాము. మా అబ్బాయి మొదట చేసిన పని ఏజెంటుకు ఫోను చేసి లైసెన్సు నంబరు అడగడం. అటునుండి మళ్ళీ చూసి చెబుతానన్నాడు. ఆ తరువాత ఫోను ఎత్తలేదు.

వదినగారు టీ తెచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆమె ప్రశ్నకు జవాబు మేము చెప్పాము. ఇరవై నాలుగు గంటలలో పది గంటల విశ్రాంతి ఇవ్వాలన్నది చట్టం. దానిని రెండు ముక్కలకు మించి చేయరాదు, అందులో ఒకటి ఆరు గంటలకు తగ్గరాదు. ఆ యువకుడు మాత్రం, పాత ప్రయాణికులు దిగి కొత్తవారు ఎక్కే రోజున ఆ ఆరు గంటలే మహాభాగ్యమన్నాడు. ఈ రెండు మాటలనూ దాచకుండా ఆమె ముందుంచాము.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత కొడుకు వైపు తిరిగి, "మరి ఆ ఆరు గంటల నిద్రలో ఫజ్ర్‌కు నిన్ను ఎవరు లేపుతారు?" అన్నారు.

"నేనే లేస్తాను అమ్మీ" అన్నాడు అబ్బాయి.

గాజులు ఆమె చేతులకే ఉన్నాయి. అబ్బాయి వచ్చే నెలలో భద్రతా శిక్షణకు చేరుతున్నాడు. దరఖాస్తులో ఏ విభాగం అని అడిగిన చోట లాండ్రీ అని వ్రాసి, ప్రక్కన బేకరీ అని చేర్చాడు.