ఆర్‌సీలో లేని అప్పు

కారు అమ్ముదామని ఆర్‌సీ తీసి చూశా. హైపోథికేషన్ దగ్గర బ్యాంకు పేరే లేదు! లోన్ మాత్రం ఇంకా రెండు లక్షలుంది. ‘నీ లక్కురా, అమ్మేసెయ్’ అన్నాడు ఫ్రెండ్. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకూ ఆశ పుట్టింది.

మర్నాడు ఒకాయన వచ్చాడు. గోల్డ్ లోన్ పెట్టి డబ్బు తెచ్చాడట. ‘ఫైనాన్స్ ఏం లేదుగా తమ్ముడూ?’ అన్నాడు.

రేపు ఈఎంఐ ఆగితే బ్యాంకు వాళ్లు వెతికేది ఈ కారునే. అప్పుడది ఆయన ఇంటి ముందుంటుంది.

‘ఉందన్నా. ఆర్‌సీలోనే ఎక్కలేదు’ అని చెప్పేశా.

ఇద్దరం బ్యాంకుకెళ్లాం. బాకీ ఆయనే నేరుగా లోన్ ఖాతాలో కట్టి, మిగతాది నాకిచ్చాడు. ఎన్‌ఓసీ వచ్చాకే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టాం.

ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.