గుమ్మం ముందు దుమ్ము

2014లో ఒకరోజు స్టాన్‌ఫోర్డ్ భౌతిక శాస్త్రవేత్త ఆంద్రేయ్ లిండే ఇంటి తలుపు మోగింది. బయట సహోద్యోగి చావో లిన్ కువో, వెంట ఒక కెమెరా. దక్షిణ ధ్రువంలోని బైసెప్-2 టెలిస్కోపు ఏం కనిపెట్టిందో కువో గుమ్మంలోనే రెండు ముక్కల్లో చెప్పేశారు. లిండే భార్య రెనాటా కల్లోష్ ఆయన్ను కౌగిలించుకున్నారు. ఆమె కూడా భౌతిక శాస్త్రవేత్తే. లిండే మాత్రం మళ్లీ చెప్పమన్నారు. తర్వాత షాంపేన్ సీసా తెరుచుకుంది. ఆ సంబరంలోనూ ఆయనకో అనుమానం: అందంగా ఉంది కాబట్టే దీన్ని నమ్ముతున్నానేమో! మార్చి 17న ప్రపంచమంతా ఆ వీడియో చూసింది. ఆ అనుమానాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

విశ్వం పుట్టీపుట్టగానే అమాంతం ఉబ్బిపోయిందన్న సిద్ధాంతానికి రూపమిచ్చినవారిలో లిండే ఒకరు. ఆ ఉబ్బులో పుట్టిన గురుత్వ తరంగాలు ఆదిమ వెలుగు మీద సుడుల్లాంటి ముద్ర వేసి ఉండాలి. దాన్నే చూశామని కువో బృందం అంది. నోబెల్ ఖాయమనే మాట అప్పుడే మొదలైంది.

ఆ వెలుగు విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్ల వయసులో బయల్దేరింది. ఇప్పుడు 2.725 కెల్విన్ల చల్లని మైక్రోవేవ్‌గా అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. అందులో హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు. వెతుకుతున్న సుడులు అంతకన్నా ఎంతో బలహీనం. 1,380 కోట్ల ఏళ్లు ప్రయాణించిన ఈ వెలుగు ఆఖరి మజిలీలో మన పాలపుంతను దాటాలి. చిక్కంతా అక్కడే. పాలపుంత నిండా మసిలాంటి సన్నటి దుమ్ము. ఆ రేణువులు అయస్కాంత క్షేత్రానికి అడ్డంగా వరుస తీరి తమ మైక్రోవేవ్‌లను తామూ వెదజల్లుతాయి. వాటిలోనూ సుడులుంటాయి.

దుమ్మును తుడిచే చీపురు లేదు గానీ, లెక్క ఉంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ దుమ్ము ప్రకాశం హెచ్చుతుంది. అయస్కాంత క్షేత్రాల్లో తిరిగే ఎలక్ట్రాన్ల వెలుగు తగ్గుతుంది. ఆదిమ వెలుగు మాత్రం ఉష్ణోగ్రత లెక్కన ఎక్కడ చూసినా ఒక్కటే. అందుకే ఒకే ఆకాశాన్ని నాలుగైదు పౌనఃపున్యాల్లో చిత్రించి, ఆ పటాలను తగిన పాళ్లలో కలుపుతారు. పాళ్ల మొత్తం ఒకటి కావాలి, మిగిలే హెచ్చుతగ్గులు వీలైనంత తగ్గాలి. అప్పుడు మారేది కొట్టుకుపోయి మారనిది నిలుస్తుంది. దుమ్ము ఎలా ఉంటుందో ముందుగా ఊహించనక్కర్లేదు. కాన్పూర్ ఐఐటీ, పుణెలోని ఐయూకా శాస్త్రవేత్తలు రాజీబ్ సాహా, పంకజ్ జైన్, తరుణ్ సౌరదీప్ 2006లో ఈ దారినే వెళ్లారు. కేవలం డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం పటాలతోనే, బయటి దుమ్ము పటాల అవసరం లేకుండా ఆదిమ వెలుగును లెక్కగట్టారు.

బైసెప్-2కు ఆ వెసులుబాటు లేదు. అది చూసింది ఒక్క 150 గిగాహెర్ట్జ్‌లోనే. పాలపుంత పళ్లేనికి దూరంగా, శుభ్రంగా ఉందనుకున్న ఆకాశాన్ని ఎంచుకుంది. అక్కడి దుమ్మెంతో చెప్పడానికి నమూనాలపై ఆధారపడింది. వాటిలో ఒకటి ప్లాంక్ ఉపగ్రహ బృందం ఓ సదస్సులో చూపించిన బొమ్మ నుంచి రాబట్టింది! చేతిలో అసలు పటం లేనప్పుడు పోటీ ఒత్తిడి ఎంత పని చేయిస్తుందో ఇక్కడ కనిపిస్తుంది.

అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్లాంక్ బృందం లెక్క తేల్చింది. ఆ ‘శుభ్రమైన’ చోట దుమ్ము సంకేతమే బైసెప్-2 చూసినంత ఉండొచ్చు. 2015 జనవరిలో రెండు బృందాలూ కలిసి లెక్కించాక గురుత్వ తరంగాలకు రుజువు మిగల్లేదు. న్యాయంగా చెప్పాలంటే టెలిస్కోపు తప్పు చూడలేదు. సుడులు నిజమే, ఆకాశానివే. కాకపోతే మన గుమ్మం ముందువి. 1964లో పెంజియాస్, విల్సన్‌లకు సరిగ్గా తిరగబడింది. వాళ్లు యాంటెన్నాలోని పావురాల రెట్టను కడిగినా పోని రొద ఆదిమ వెలుగని తర్వాత తేలింది. వారికి 1978లో నోబెల్ వచ్చింది. బైసెప్ ప్రయోగానికి బీజం వేసినవారిలో ఒకరైన బ్రయాన్ కీటింగ్ 2018లో రాసిన పుస్తకానికి పెట్టిన పేరు, ‘లూజింగ్ ద నోబెల్ ప్రైజ్’.

దక్షిణ ధ్రువంలో పని ఆగలేదు. 95, 220 గిగాహెర్ట్జ్‌లూ తోడయ్యాయి. 2014లో 0.2 అన్న ఆ తరంగాల బలం 0.036ను మించదని 2021లో అదే బృందం ప్రకటించింది. ఆ 220 గిగాహెర్ట్జ్ గ్రాహకాలను పెట్టింది ముఖ్యంగా దుమ్మును కొలవడానికే.