కాలువ గట్టు నుంచి కరువు రైలు దాకా

ఈ హాస్టల్‌లో ఇంటర్ నుంచి డిగ్రీ దాకా ఐదేళ్లు ఒకే గదిలో ట్రంకుపెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదువుకున్న ముగ్గురం మేము. ఒకరిది కోసిగి వైపు, ఒకరిది పత్తికొండ వైపు, ఒకరిది కడప జిల్లా చాపాడు వైపు. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చినవాళ్లం మేమే మొదలు. ఇప్పుడు తలా ఒక యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏమైనా రాయమని తమ్ముళ్లు అడిగితే, మొన్న దసరా సెలవుల్లో నంద్యాలలో కలుసుకుని చేసిన సైకిల్ యాత్ర గురించి రాయాలనిపించింది. యాత్ర అంటే పెద్ద మాటే. నంద్యాలలో బయల్దేరి, కె.సి. కాలువ గట్టు పట్టుకుని, మహానంది, గాజులపల్లె చుట్టి మళ్లీ నంద్యాలకు చేరడం. మొత్తం సుమారు నలభై కిలోమీటర్లు. సైకిళ్లు తెలిసినవాళ్లవి. ఖర్చు ముగ్గురికీ కలిపి ఇడ్లీలు, టీలు, ఒక పంక్చరు.

పొద్దున్నే ఊరు దాటి మహానంది వైపు వచ్చి కాలువ గట్టు ఎక్కాం. కాలువలో నీళ్లు నిండుగా ఉన్నాయి. ఒకవైపు పచ్చటి వరి, దూరాన నల్లమల. కోసిగి మిత్రుడు సైకిల్ ఆపి చాలాసేపు చూశాడు. "మా ఊర్లో ఇన్ని నీళ్లు ఒక్కసారి చూస్తే అవ్వ మొక్కుకుంటాది" అన్నాడు. చాపాడు మిత్రుడు నవ్వాడు. వాళ్లది ఇదే కాలువ ఆయకట్టు. "ఇవే నీళ్లు మా ఊరొచ్చేసరికి మొక్కుకున్నా రావు" అన్నాడు. కాలువ మొదట్లో ఉన్నవాళ్ల మాట వేరు, చివర ఉన్నవాళ్ల మాట వేరు. పత్తికొండ మిత్రుడికి కాలువే లేదు కాబట్టి ఏ మాటా లేదు.

ఐదేళ్లు ఈ కాలువను బస్సు కిటికీలోంచి చూశాం గానీ దాని కథ డిగ్రీ పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు. తర్వాత లైబ్రరీల్లో చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. కె.సి. అంటే కర్నూలు–కడప. కర్నూలుకు పైన తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా 306 కిలోమీటర్లు పారుతుంది. దీని కింద ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. గోదావరి మీద ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనతో, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే లండన్ కంపెనీ 1860లలో దీన్ని తవ్వించింది. కంపెనీ పెట్టుబడిలో పది లక్షల పౌండ్లకు ప్రభుత్వం ఐదు శాతం వడ్డీ పూచీ ఇచ్చింది. కాలువలో నీళ్లు పారినా పారకపోయినా లండన్‌లో వాటాదారులకు వడ్డీ ముట్టేది. ఇక్కడ గంపతో మట్టి మోసినవాళ్లకు మాత్రం ఆనాటి కూలే.

ఇది సాగునీటికి ఒక్కటే కాదు, పడవలకు కూడా తవ్విన కాలువ. నేల ఎత్తుపల్లాలు ఉన్నచోట పడవను పైకి ఎక్కించడానికి, కిందికి దింపడానికి లాకులు కట్టారు. లాకు అంటే రెండు తలుపుల మధ్య నీటి గది. పడవ లోపలికి వచ్చాక తలుపు మూసి నీళ్లు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. ఇంజన్లు లేని ఆ కాలంలో కాలువ పడవకు గాలి సాయం లేకపోతే గట్టు మీద నడిచే మనిషో పశువో తాడుతో లాగాల్సిందే. మేము సైకిల్ తొక్కుకుంటూ పోయిన గట్టు అటువంటిది. ఈ సంగతి చెప్పగానే పత్తికొండ మిత్రుడు సైకిల్ దిగి కాసేపు నడిచాడు. ఎందుకు రా అంటే, "ఊరికే" అన్నాడు. వాళ్ల తాత రాళ్లబండి లాగిన మనిషి.

కంపెనీ అనుకున్నట్టు లాభాలు రాలేదు. నీటి పన్ను కట్టడానికి రైతులు ముందుకు రాలేదు. అంతలో 1876–78 కరువు వచ్చింది. మన పెద్దవాళ్లు ధాతు కరువు అనేది దాన్నే. మద్రాసు రాజధానిలో కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు దానికి బాగా బలైపోయాయి. అంతవరకూ వెనకాడిన రైతులు ఆ ఏడాది నీళ్లకోసం కాలువ దగ్గరికి వచ్చారు. కాలువ లేని ఊళ్లవాళ్లు కరువు పనులకు పోయారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఆ పనుల్లో మగమనిషికి రోజు కూలి ఒక పౌను గింజలు, ఒక అణా అని ఖరారు చేశాడు. పౌను అంటే 450 గ్రాములు. పొద్దంతా మట్టి మోసిన మనిషికి అరకిలో కూడా కాదు! 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. 1930లకు వచ్చేసరికి పడవలు ఆగిపోయి ఇది ఒట్టి సాగునీటి కాలువ అయ్యింది.

మహానందిలో కోనేటి నీళ్లు తాగి, గుడి అరుగు మీద కాసేపు కూర్చున్నాం. ఎండాకాలంలోనూ ఆగని ఊట అది. అడుగున పడిన పైసా కూడా కనపడుతుంది. ఆ నీళ్లే బయటికి వచ్చి అరటి తోటలకు పారతాయి. ఏ కంపెనీ తవ్వలేదు, ఎవరికీ వడ్డీ కట్టలేదు.

అక్కణ్ణుంచి గాజులపల్లె స్టేషనుకు వెళ్లాం. నల్లమల అడవిలోకి రైలు దూరే ముందు వచ్చే ఊరు ఇది. గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు మీదుగా కృష్ణ ఒడ్డుకు పోయే ఈ మార్గాన్ని 1880లలో మీటరుగేజిగా వేశారు. పెద్ద కరువు తర్వాత నియమించిన కమిషన్ 1880లో నివేదిక ఇచ్చి, కరువు ప్రాంతాలకు గింజలు చేరాలంటే రైలు దారులు కావాలంది. అట్లా కరువు కోసం వేసిన రైలుదారి ఇది. నల్లమల దాటించడానికి చెలమ, బొగద మధ్య లోయలో దొరబావి వంతెన కట్టారు. 1990లలో బ్రాడ్‌గేజి చేసినప్పుడు అక్కడ కొత్త దారి వేసి, పాత దారి వదిలేశారు. వంతెన మీది ఇనుము తీసేశారు. ఎత్తైన స్తంభాలు మాత్రం అడవిలో నిలబడి ఉన్నాయి.

అక్కడిదాకా సైకిళ్ల మీద పోలేదు. పులులు తిరిగే అడవి, అనుమతి లేకుండా పోకూడదు. స్టేషను బయట టీకొట్టు దగ్గర ఒక తాత కలిశాడు. రైల్వేలో గ్యాంగుమన్‌గా చేసి దిగిపోయిన మనిషి. "యాడోళ్లు నాయనా మీరు? సైకిళ్ల మీద వచ్చినారే!" అని పలకరించాడు. హాస్టల్ పిల్లలమంటే బెంచీ మీద జరిగి కూర్చోబెట్టుకున్నాడు. "ఆ వంతెన మీద రైలు పోతాంటే ఆడోళ్లు పిల్లోళ్ల కండ్లు మూసేటోళ్లు. మేం రాత్రిపూట లాంతరు పట్టుకుని దాని మీద నడిచినోళ్లం" అన్నాడు. టీ డబ్బులు మమ్మల్ని ఇవ్వనీయలేదు.

మేము అక్కడుండగానే గుంటూరు వైపు పోయే రైలు వచ్చింది. పెట్టె తలుపు దగ్గర మూటలు, బిందెలు, పడుకోబెట్టిన పిల్లలు. కోసిగి మిత్రుడు చూసి, "సుగ్గి" అన్నాడు. అంతే. వేరే చెప్పక్కర్లేదు. మా పడమటి మండలాల నుంచి పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోవడాన్నే సుగ్గి అంటారని మన హాస్టల్‌లో తెలియనివాళ్లు లేరు. లారీల్లో పోతారు, బస్సుల్లో పోతారు, ఈ రైల్లోనూ పోతారు. కరువు సీమకు గింజలు తేవడానికి వేసిన రైలు, నూట ముప్పై ఏళ్లు దాటినా, కరువు సీమ నుంచి మనుషుల్ని తీసుకుపోతూనే ఉంది. కోసిగి మిత్రుడి అమ్మానాన్న పదేళ్లపాటు ఏటా అట్లా పోయారు. అన్నను వెంట తీసుకుపోయారు, ఇతణ్ణి హాస్టల్‌లో వేశారు. అన్న ఐదో తరగతితో ఆగిపోయాడు. ఇతను ఇప్పుడు ఎమ్మెస్సీ. తెలివిలో అన్నే ఎక్కువ అని ఇతనే చెప్తాడు. తేడా అంతా ఆ ఏడాది హాస్టల్‌లో దొరికిన ఒక్క సీటు.

తిరుగుదారిలో మేము పెద్దగా మాట్లాడుకోలేదు. ఎదురుగాలి, ఎండ, ఒకరి వెనక టైరులో గాలి పోవడం. సాయంత్రానికి నంద్యాల చేరాం. ఆ రాత్రి ముగ్గురం కూర్చుని ఒక నిర్ణయం చేసుకున్నాం. దాన్ని మీ ముందు పెట్టడానికే ఇదంతా రాశాం.

తమ్ముళ్లూ, సంక్రాంతి పండక్కి ఊరికి పోయినప్పుడు మీ వీధిలో తాళం పడిన ఇళ్లు లెక్కపెట్టండి. ఆ ఇళ్ల పిల్లలు ఏ తరగతిలో ఉండాల్సినవాళ్లో రాసుకోండి. ఆ కాగితం మన వార్డెన్ సారుకు ఒకటి, మాకు ఒకటి ఇవ్వండి. సారుతో మాట్లాడి, వేసవిలో ఆ ఊళ్లకు పోయి, సుగ్గి నుంచి తిరిగొచ్చిన తల్లిదండ్రుల్ని కలిసి, జూన్‌లో పిల్లల్ని హాస్టల్‌లో చేర్పించే పని మేము ముగ్గురం చూసుకుంటాం. పాత విద్యార్థులైన అన్నలు తలా ఒక ఊరు తీసుకుంటే పని ఇంకా తేలికవుతుంది. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆధార్, టీసీ కోసం ఆఫీసుల చుట్టూ తిరగడమే ఆ తల్లిదండ్రులకు పెద్ద భయం. ఆ తిరుగుడు మనకు అలవాటే కదా.

ఇక సైకిల్ మీద పోవాలనుకునేవాళ్లకు రెండు మాటలు. కాలువలో దిగవద్దు, చూడటానికి నెమ్మదిగా ఉన్నా లోపల లాగేస్తుంది. గాలి పంపు వెంట పెట్టుకోండి. గాజులపల్లెలో ఆ తాత కనపడితే మేము అడిగామని చెప్పండి. ఈసారి టీ డబ్బులు మీరే ఇవ్వండి.