గోలు స్తంభముల వెనుక

నేటి కాలమున టెలివిజను లేని ఇల్లు అరుదు. పదియేండ్ల బాలునకు బ్రెజిలు, అర్జెంటీనా, ఫ్రాన్సు దేశముల ఆటగాండ్ర పేర్లు కంఠస్థములు. ఎవరు ఏ అంకెగల చొక్కా తొడుగుదురో, ఎవరు ఎడమకాలితో కొట్టుదురో అడిగిన తడవుగా చెప్పగలడు. అట్టి బాలుడే తన ఊరిలో, తన ఇంటికి కొంత దూరముననే పెద్దవారు ఫుట్‌బాలు ఆడుచుండగా ఒక్కమారైనను చూచియుండడు. ఇందు బాలుని తప్పేమియు లేదు. చేయిపట్టి తీసికొనిపోవువారు ఉండవలెను గదా!

తెరమీద చూచుటకును, మైదానమున కూర్చుండి చూచుటకును చాల భేదము కలదు. కెమెరా కన్ను బంతి వెంట పరుగెత్తును. బంతి ఎవని కాలియొద్ద నున్నదో వాడే తెరకెక్కును, తక్కినవారు లేనట్లే. ఇరువదియిద్దరు ఆడు ఆటలో దాదాపు ఇరువదిమంది ఏమి చేయుచున్నారో ఇంటిలో కూర్చున్నవానికి తెలియదు. అందరికంటె తక్కువగా కనబడువాడు గోల్‌కీపరు. గోలు ఆపినప్పుడో, ఆపలేనప్పుడో మాత్రమే అతనిని చూపుదురు. ఆపలేనప్పుడు మూడు నాలుగు మారులు, మెల్లమెల్లగా కూడ చూపుదురు.

సికింద్రాబాదులో ఐదవ తరగతి చదువుచున్న ఒక బాలునకు ఈ గోల్‌కీపరు పని తలవని తలంపుగా మీదపడెను. బడిలో రెండు తరగతుల నడుమ పోటీ పెట్టిరి. అందరును గోలు కొట్టువారే కాని, ఆపుటకు నిలుచువాడు ఒక్కడును లేడు. పొడగరి యను కారణమున ఈ బాలుని స్తంభముల నడుమ నిలబెట్టిరి. మూడు గోలులు పడెను. మూడవది అతని కాళ్ల సందుననే దూరిపోయెను. మరునాటినుండి తరగతిలో అతనికి "జల్లెడ" అను పేరు స్థిరపడెను.

పిల్లలు పెట్టుకొను పేర్లు పెద్దల చెవికి నవ్వులాటగా తోచును. ఆ పేరు మోయువానికి మాత్రము అది నవ్వులాట కాదు. బాలుడు బూట్లను మంచము క్రిందికి త్రోసెను. ఆటల పీరియడు ఉన్న దినమున కడుపునొప్పి అనసాగెను. తల్లి వాముకషాయము కాచి యిచ్చెను. అతడు మారుమాటాడక త్రాగెను. తండ్రికి ఆఫీసు పనిలో తీరిక లేదు. ఇంటిలో తాత యుండెను. ఆయన రైలుశాఖలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవాడు. ప్రక్కయింటి పిల్లవానివలన ఆయన ఆ పేరు వినెను. విని, మనుమనితో ఆ మాటయే ఎత్తలేదు. ఒక ఆదివారము భోజనములైన పిమ్మట, "నాయనా, రెండు క్లబ్బులకు ఫుట్‌బాలు పోటీ ఉన్నది. వచ్చెదవా?" అని మాత్రము అడిగెను.

"టీవీలో చూడవచ్చును గదా తాతయ్యా!"

"ఈ ఆట టీవీలో రాదు" అని తాత చెప్పులు తొడుగుకొనెను.

వారు చేరిన మైదానము పెద్ద స్టేడియమేమియు కాదు. అక్కడక్కడ పచ్చిక, తక్కినదంతయు ఎఱ్ఱమట్టి. ఒక ప్రక్కన నాలుగు సిమెంటు మెట్లు. చూడవచ్చినవారు రెండు వందలకు మించరు. వారిలో సగముమంది ఆటగాండ్ర బంధువులు, మిగిలిన సగము ఒకప్పుడు ఆడి ఇప్పుడు పొట్టలు పెరిగినవారు. హైదరాబాదు నగరమున గొప్ప పోటీలు జరుగకపోలేదు. 2024 డిసెంబరు 31వ తేదీన సంతోష్ ట్రోఫీ చివరి ఆట గచ్చిబౌలి స్టేడియములోనే జరిగెను. అదనపు సమయముగా ఇచ్చిన నిమిషములలో రవి హాంస్‌దా గోలు కొట్టగా పశ్చిమ బెంగాలు కేరళను 1–0తో ఓడించెను. అట్టి ఆటలకు పిల్లలను తప్పక తీసికొనిపోవచ్చును. కాని మొదటిమారు చూచువానికి చిన్న మైదానమే మేలు. అచట ఆటగాని ఊపిరి కూడ వినబడును.

మెట్లమీద నడుమ చోట్లు ఖాళీగానే ఉండెను. ఆట తెలిసినవారు అచటనే కూర్చుందురు. రెండు వైపులును సమానముగా కనబడును. తాత మాత్రము మనుమని ఒక గోలు వెనుకకు తీసికొనిపోయి, వలకు పది అడుగుల దూరమున నున్న రాతిబల్లమీద కూర్చుండబెట్టెను. బాలుడు ఒక్కక్షణము తాత ముఖము చూచెను. తాత పల్లీల పొట్లము విప్పుచుండెను.

వారి ముందున్న గోల్‌కీపరుకు ఇరువదియేండ్లుండును. తక్కినవారు నీలిచొక్కాలు తొడుగగా, అతడొక్కడే పచ్చచొక్కా తొడిగెను.

"అతనికి వేరు రంగేల?"

"చేతితో బంతి పట్టుకొను హక్కు ఈ జట్టులో అతనికొక్కనికే కలదు. అదియు ఎదుట ఆ తెల్లగీతల పెట్టె లోపలనే. ఎవరో రిఫరీకి వెంటనే తెలియవలెను గదా!"

తాత అంతటితో ఊరకుండెను. ఆటకు పిల్లలను తీసికొనిపోయి, మొదటి విజిలు మొదలు చివరి విజిలు వరకు నియమములు వల్లించు పెద్దలు కొందరుందురు. అట్టి పిల్లలు ఆటను చూడరు. పెద్దల నోరు చూతురు. అడిగినదానికి చెప్పి, అడుగనిదానికి పల్లీలు పెట్టుట ఉత్తమము.

ఆట మొదలయ్యెను. బంతి చాలసేపు అవతలి గోలు వద్దనే తిరుగాడుచుండెను. బాలుడు మొదట ఒక వింత కనిపెట్టెను. అవతలి కొసన ఆటగాడు బంతిని తన్నుట కంటికి కనబడిన తరువాత, ఒక రెప్పపాటు ఆలస్యముగా దాని చప్పుడు చెవిని పడుచుండెను. మైదానము పొడవు ఇంచుమించు నూరు మీటర్లు. ధ్వని క్షణమునకు దాదాపు 340 మీటర్లు పోవును. కావున ఆ దూరము దాటుటకు దానికి క్షణములో మూడవ పాలు పట్టును. తెరమీద చూచువానికి ఈ తేడా తెలియనే తెలియదు. బాలుడు ఆ చప్పుడు కొరకే కొంతసేపు చెవియొగ్గి కూర్చుండెను.

పిదప అతని చూపు పచ్చచొక్కామీదికి మరలెను. బంతి అంత దూరముననున్నను ఆ యువకుడు ఊరక నిలుచుండలేదు. బంతి కుడికి పోయిన తాను రెండడుగులు కుడికి జరుగును. ఎడమకు పోయిన ఎడమకు జరుగును. బంతి నడిగీత దాటి వచ్చినంతనే వెనుకకు నడచుచు, వెనుదిరిగి చూడకయే చేయి చాచి స్తంభమును తాకి, తానెచట నున్నాడో సరిచూచుకొనును. నడుమ నడుమ పెద్దగా అరచును: "ఎడమ చూడు! వాని వదలకు! వెనుకకు రా!"

"తాతయ్యా, బంతి అతనియొద్దకు రానేలేదు. అతడేల అరచుచున్నాడు?"

"మైదానమంతయు ఎదుట కనబడునది అతనికొక్కనికే. ముందున్నవారికి వీపు వెనుక ఏమి జరుగుచున్నదో తెలియదు. కనబడినవాడు చెప్పవలెను."

బాలుడు కొంచెమాగి, "నేను ఒక్కమాటయు అరవలేదు" అనెను. తాత విననట్లు పల్లీ ఒలిచి అతని చేతిలో పెట్టెను.

నలువదియైదు నిమిషములు గడచెను. ఆ సమయమున పచ్చచొక్కా యువకుడు రెండు మారులు బంతిని గట్టిగా గుండెకు అదుముకొని పట్టెను. ఒకమారు ప్రక్కకు దూకి వ్రేళ్ల కొనలతో వెలికి నెట్టెను. అతడు నేలబడినప్పుడు లేచిన ఎఱ్ఱదుమ్ము రాతిబల్ల దాక వచ్చెను. మోచేయి గీచుకొనిపోగా, దానిని నాలుకతో తడిచేసికొని మరల నిలుచుండెను.

విశ్రాంతివేళ తాత చాయ్ త్రాగుచు పాతకాలపు మాట ఒకటి ఎత్తెను. నేడు లాల్ బహదూర్ స్టేడియము అనబడుదానిని పూర్వము ఫతే మైదానమందురు. అచట హైదరాబాదు పోలీసు జట్టు ఆడుచున్నదనిన ఊరు ఊరంతయు కదలుచుండెనట. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచెను. దానికి శిక్షణ యిచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. తరువాత భారత జట్టుకును ఆయనయే గురువయ్యెను.

"ఆ రోజులలో హైదరాబాదున పుట్టిన పీటర్ తంగరాజ్ అను గోల్‌కీపరు ఉండెను. మొదట అతడు గోలులు కొట్టుటకే ముందువరుసలో ఆడెను. పిదప గోలులో నిలిచెను. 1956లోను, 1960లోను ఒలింపిక్సుకు వెళ్లెను."

"అతనికి గోలులు పడలేదా?"

తాత ఈ ప్రశ్న కొరకే కాచియుండెనేమో! గ్లాసు క్రింద పెట్టెను. "1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2–0తో ఓడించెను. సెప్టెంబరు 4న బంగారు పతకము కొరకు మరల ఆ కొరియాతోనే ఆడవలసి వచ్చెను. గోలులో తంగరాజ్ నిలిచెను. పి. కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి గోలు కొట్టిరి. జర్నైల్ వెనుకవరుసవాడు, తలకు గాయమై యుండుటచే రహీం అతనిని ముందు ఆడించెను. ఇక కొద్ది నిమిషములలో ఆట ముగియుననగా తంగరాజ్‌కు ఒక గోలు పడెను."

"అప్పుడు?"

"అప్పుడేమున్నది? మిగిలిన నిమిషములు ఆడవలెను గదా! ఆడిరి. 2–1తో గెలిచిరి. రహీంగారు అప్పటికే జబ్బుమనిషి. మరుసటి సంవత్సరము జూన్ నెలలో చనిపోయెను."

ఇంతలో విజిలు మ్రోగెను. జట్లు కొసలు మార్చుకొనెను. పచ్చచొక్కా యువకుడు అవతలి గోలునకు పోవుచుండగా బాలుడు లేచి నిలువబడి, "తాతయ్యా, మనమును అటు పోవుదము" అనెను. తాత మోకాళ్లు పట్టుకొని లేచెను. మైదానము చుట్టి వచ్చుటకు ఆయనకు చాలసేపు పట్టెను. బాలుడు ముందు పరుగెత్తి, మరల వెనుకకు వచ్చి, తాత చేయి పట్టి లాగుచుండెను.

రెండవ సగమున ఇరువది నిమిషములైన పిమ్మట ఒక కార్నరు కిక్కు వచ్చెను. బంతి ఎత్తుగా లేచి గోలు ముందరికి దిగుచుండెను. పచ్చచొక్కా యువకుడు, "నాది!" అని అరచి ముందుకు ఎగిరెను. బంతి రెండు చేతులలోను పడెను, పడి జారెను. ఎదుటి ఆటగాడొకడు దానిని కాలితో లోనికి నెట్టెను. అంతయు రెప్పపాటులో ముగిసెను. వల కదలెను. మెట్లమీద కేకలు చెలరేగెను.

బాలుడు కన్నులు మూసికొనెను. తాత అతని భుజముమీద చేయి వేయలేదు. ఊరడింపు మాటయు పలుకలేదు. కొంతసేపటికి బాలుడు తనంతట కన్నులు తెరచెను. నీలిచొక్కా ఒకడు రెండు చేతులు పైకెత్తి గోల్‌కీపరును ఏదో అనుచుండెను. మెట్లమీదనుండి ఎవడో, "చేతులకు నూనె రాచుకొని వచ్చినావా!" అని కేక వేసెను. కొందరు నవ్విరి. వయసున పెద్దవాడైన వెనుకవరుస ఆటగాడు నడచి వచ్చి, అరచుచున్నవానిని ప్రక్కకు త్రోసి, గోల్‌కీపరు తలమీద ఒక్కటి తట్టి పోయెను. గోల్‌కీపరు వలలోని బంతిని తీసి నడిగీతకు విసరెను. చేతి తొడుగుల మట్టిని చొక్కాకు తుడిచికొనెను. స్తంభమును తాకి మరల నిలుచుండెను.

ఐదు నిమిషములు గడువకముందే ఆ కొసనుండియే మరియొక కార్నరు వచ్చెను. ఈసారి బాలుడు కన్నులు మూయలేదు. బల్ల అంచును రెండు చేతులతో పట్టుకొనెను. అంతకు ముందటి బంతివలెనే ఇదియు ఎత్తుగా వచ్చి, అదే చోట దిగుచుండెను. వెనుకకు తగ్గి గీతమీద నిలిచిన పక్షమున ఎవరును తప్పుపట్టరు. యువకుడు నిలువలేదు. "నాది!" అని మునుపటికంటె బిగ్గరగా అరచి, గుంపులోనికి దూకి, బంతిని పట్టుకొనబోక పిడికిలితో దూరముగా గుద్దెను.

"చూచితివా తాతయ్యా! ఈసారి పట్టుకొనలేదు!" అని బాలుడు ఎగిరి లేచెను.

నీలిచొక్కాలవారు గోలు తీర్చలేకపోయిరి. ఆట 1–0తోనే ముగిసెను. జనము లేచిపోవుచుండిరి. వలలు విప్పుటకు ఒక ముసలివాడు వచ్చెను. బాలుడు అతని అనుమతి అడిగి, స్తంభముల నడుమ నిలుచుండి చేతులు చాచి చూచెను. అటును ఇటును ఎంతయో చోటు మిగిలియుండెను. ఒక స్తంభమునుండి రెండవదానికి అడుగులు లెక్కించి, "ఎంత వెడల్పు!" అని ఆశ్చర్యపడెను. పెద్దల గోలు ఇరువదినాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉండును. బడిలోని గోలు అంత పెద్దది కాదు గాని, పదియేండ్లవానికి అదియు తక్కువేమి కాదు.

స్తంభము మొదట విడిచిన నీళ్లసీసా కొరకు పచ్చచొక్కా యువకుడు తిరిగి వచ్చెను. బాలుడు అతనిని చూచి వెనుకకు జంకి, మరల ధైర్యము తెచ్చుకొని, "అన్నా, గోలు పడినప్పుడు నీకు ఏడ్పు రాలేదా?" అని అడిగెను.

యువకుడు తాతవంక చూచి చిన్నగా నవ్వి, బాలుని ఎదుట గొంతుకూర్చుండెను. "వచ్చింది తమ్మీ. ఇప్పుడును వచ్చుచున్నది. ఇంటికి పోయి ఏడ్తును. నీవును గోలులో నిలుతువా?"

బాలుడు తల ఊపెను.

"ఏదీ, చేతులు చూపు." యువకుడు ఆ చిన్న అరచేతులను పట్టి, బొటనవ్రేళ్లు రెండింటిని దగ్గర చేర్చి, తక్కిన వ్రేళ్లను విప్పి పెట్టెను. "బంతి వచ్చినప్పుడు ఇట్లుంచు. కాళ్లు దగ్గరగా నుండనిమ్ము, నడుమనుండి దూరిపోదు." ఇట్లని సీసా తీసికొని, కుంటుకొనుచు తన జట్టువారి వైపు పోయెను.

బస్సులో బాలుడు కిటికీ ప్రక్కన కూర్చుండి, బొటనవ్రేళ్లు కలిపి వ్రేళ్లు విప్పి చూచుకొనుచు, మరల మూయుచుండెను. మెట్టుగూడ దాటిన పిమ్మట, "బుధవారము మా ఆటల పీరియడు" అనెను. తాత "ఓహో" అనెను. ఇంటికి చేరినంతనే బాలుడు కాళ్లైనను కడుగుకొనక మంచము క్రిందికి దూరి, చీపురుపుల్లతో బూట్లను వెలికి లాగుచుండగా, "ఇంత రాత్రివేళ బూట్లతో ఏమి పని?" అని తల్లి వంటింటినుండి కేక వేసెను.