వాడి గురువెవరో!

పోయిన ఆదివారం నాడు సకుటుంబంగా ఒక డిటెక్టివ్ సినిమాకు వెళ్ళాం. దాని పేరు మాత్రం అడక్కండి. ఎందుకు చెప్పనో చివరకు మీకే తెలుస్తుంది.

ఒక పెద్ద మేడ. అందులో ఒక ముసలాయన హత్య. అనుమానించదగినవాళ్ళు అయిదుగురు. విశ్రాంతి దాకా కథ చక్కగానే నడిచింది. మా అమ్మాయి చేతిలో పాప్‌కార్న్ చేతిలోనే ఉండిపోయింది. తీరా ఆఖరి పది నిమిషాల్లో డిటెక్టివ్ మహాశయుడు జేబులోంచి ఒక ఉత్తరం తీశాడు. చనిపోయినాయనకు ఒక కవల తమ్ముడున్నాడట! హంతకుడు వాడేనట! ఆ ఉత్తరాన్ని గాని, ఆ తమ్ముణ్ణి గాని అంతవరకు మేమెవరమూ చూసిన పాపాన పోలేదు.

ఇక ప్రేక్షకుల అభిప్రాయాలు వినాలి! "హత్య జరిగిన మూడో రోజునే ఆ ఇంట్లో పాటేమిటండీ?" అంది మా ఆవిడ. "ఇంటినిండా కెమెరాలు పెట్టుకున్నారు కదా నాన్నా, ఒక్కసారైనా వాటిల్లో చూశాడా ఆ డిటెక్టివ్?" అంది మా అమ్మాయి. మాతో వచ్చిన పక్కింటి రిటైర్డ్ పోస్టుమాస్టరుగారు, "అన్నీ అలా ఉంచండి. ఆ కవరు మీద తపాలా ముద్ర లేదు, గమనించారా?" అన్నారు.

నేను తెలుగు లెక్చరర్ని. క్లాసులో నలభై అయిదు నిమిషాలు మాట్లాడే అలవాటు హాల్లో మాత్రం ఎక్కడికి పోతుంది? ముందు వరుసవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసేలా, "వీడికి కథ రాయడం నేర్పిన గురువెవరో గాని, ముందు వాణ్ణి పట్టుకోవాలి!" అన్నాను. నలుగురూ నవ్వారు. నాకూ ముచ్చటేసింది.

అప్పుడే తెరమీద పేర్లు పడుతున్నాయి. "నాన్నా, ఈ కథ రాసింది మనింటికొచ్చే అన్నయ్య కాదూ?" అంది మా అమ్మాయి.

కాకపోవడమేం? అక్షరాలా వాడే. పన్నెండేళ్ళ కిందట బి.ఏ.లో నా శిష్యుడు. కథలు రాసి, నోటు పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. బిడియస్తుడు. ఒక్క మాట అంటే మళ్ళీ కలం పట్టడేమోనని నాకు భయం. వాడి కథల్లోనూ చివర ఎక్కడినుంచో ఎవరో ఒకరు ఊడిపడి చిక్కుముడి విప్పేసేవారు. అది లోపమని నాకప్పుడే తెలుసు. తెలిసీ ప్రతి కథ కిందా ఎర్ర సిరాతో "బాగుంది" అని రాశాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ నోరు విప్పింది. ఆవిడ కొత్త కోడలుగా ఉన్న రోజుల్లో అద్దె పుస్తకాల షాపునుంచి కొమ్మూరి సాంబశివరావుగారి నవలలు తెప్పించుకుని, మామగారి కంట పడకుండా బియ్యం డబ్బా వెనక దాచుకుని చదివిన మనిషి. డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు ఆవిడకు చుట్టాలకింద లెక్క.

"హంతకుణ్ణి నేను పోల్చుకోలేకపోతే తెలివితక్కువ నాది. పోల్చుకునే దారే చూపించకపోతే మోసం వాడిది," అంది, మజ్జిగ పోస్తూ.

నేను నిర్ఘాంతపోయాను. రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు పెట్టాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనబడాలనీ, డిటెక్టివ్‌కు దొరికిన ప్రతి ఆధారాన్నీ పాఠకుడికి వెంటనే చూపించాలనీ, ముందుగా సూచించకుండా కవలలను తీసుకురాకూడదనీ వాటిలో ఉంది. ఆ పేరైనా వినని మా అమ్మ ఆ సారమంతా ఒక్క మాటలో చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. వాడే! "సినిమా చూశారా మాస్టారూ?"

'బ్రహ్మాండం' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వంటింటి గుమ్మంలో అమ్మ కాఫీ గ్లాసుతో నిలబడి నావంకే చూస్తోంది.

"చూశానోయ్. మమ్మల్ని మోసం చేశావు," అన్నాను. అమ్మ చెప్పిన మాట చెప్పాను. కెమెరాల సంగతి, తపాలా ముద్ర సంగతి కూడా దాచలేదు. చివరకు, "తప్పు నీ ఒక్కడిదీ కాదు. పన్నెండేళ్ళ కిందట చెప్పవలసింది నేను చెప్పలేదు," అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను.

"అందరూ బాగుందనే అన్నారు మాస్టారూ," అన్నాడు చివరకు, గొంతు సవరించుకుని. "ఇంకో కథ రాస్తున్నాను. ముందుగా మామ్మగారికి పంపించమంటారా?"

ఆ మాట అమ్మకు చెప్పాను.

"తప్పకుండా పంపమను," అంది అమ్మ, గ్లాసు నా చేతికిస్తూ. "ఆఖరి పేజీలు మాత్రం తన దగ్గరే ఉంచుకోమను. హంతకుడెవరో నేను చెబుతాను."